దేవుడి చెట్టుకి తెగులొచ్చిందన్న రోజు

నా చిన్నప్పుడు దేవుడు ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే, ఆలోచించకుండా మా తాతయ్యలా ఉంటాడని చెప్పేదాన్ని. తెల్ల పంచె, భుజం మీద మడత నలగని తువ్వాలు, చొక్కాకి గంజి వాసన, మందిరం చివరి వరుసకి కూడా వినబడే గొంతు. నా మాటకి అందరూ నవ్వేవారు. తాతయ్య మాత్రం నవ్వేవాడు కాదు. "తప్పు అమ్మలూ, అలా అనకూడదు" అని చెంపలేసుకునేవాడు. అలా వద్దన్నందుకు ఆయన మీద నా నమ్మకం ఇంకాస్త పెరిగేది. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇప్పటికీ ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ముందు ఆయన మొహమే వస్తుంది. దాన్ని పక్కకి తప్పించడానికి నాకు కాస్త సమయం పడుతుంది.

మా ఊరు విస్సన్నపేటకి అవతల, మెట్టలో ఉంది. ఎటు చూసినా మామిడి తోటలే. ఊళ్ళో ఎక్కువమంది హిందువులు. మా పేటలో ఉన్న కొద్ది ఇళ్ళవాళ్ళం క్రైస్తవులం. పెంకుల కప్పుతో చిన్న మందిరం ఒకటి ఉండేది మాకు. అమ్మా నాన్నా విజయవాడలో పనులు చేసుకుంటూ నన్ను తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంచారు. తాతయ్య మా సంఘానికి పెద్ద. మా పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవాళ్ళు. ఆయన పక్క ఊళ్ళకి కూడా తిరగాల్సి వచ్చేది కాబట్టి, ఆయన రాలేని ఆదివారాల్లో వాక్యం చెప్పేది తాతయ్యే. ఊళ్ళో ఎవరికి తగువు వచ్చినా, "పెద్దయ్యని పిలవండి, ఆయన ఉన్నదున్నట్టు చెప్తాడు" అనేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడ్డ రోజు నేను బడికి కాస్త తల ఎగరేసుకుని వెళ్ళేదాన్ని.

బంజరు భూమికి పట్టా వచ్చిన రోజుల్లో తాతయ్య రాళ్ళు ఏరి, నాయనమ్మ బిందెలతో నీళ్ళు మోసి చిన్న రసాల మామిడి అంట్లు నాటారట. చాలాకాలం వాటికి ఏదో ఒకటి అయి కాపు నిలవలేదు. చివరికి దారి పక్కనున్న చెట్టు ఒకటి అన్నిటికన్నా ముందు కాసింది. ఆ కాయలు చూసి తాతయ్య చెట్టు కిందే మోకాళ్ళూని, నేను బతికున్నంత కాలం ఈ చెట్టు కాపు నీదే ప్రభువా, అమ్ముకోను, ఇంట్లోకి తేను అని మొక్కుకున్నాడు. అప్పట్నుంచి అది దేవుడి చెట్టు. ఊరందరికీ అదే పేరు. కాయ కోయడానికి వచ్చే కూలీలు హిందువులే అయినా, ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచేవాళ్ళు. "చెట్టుకి దండాలు పెట్టకండర్రా, అది కూడా చెట్టే" అని తాతయ్య మొత్తుకునేవాడు. వాళ్ళు వింటేగా.

ఎండాకాలంలో మా మందిరంలో ప్రథమ ఫలాల ఆదివారం ఉంటుంది. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. కోళ్ళు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం, కొబ్బరికాయలు, అన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. దేవుడి చెట్టు పండ్లకి మాత్రం వేలం లేదు. నాయనమ్మ వాటిని మందిరం పక్కగదిలో వరిగడ్డి పరిచి మాగేసేది. ఆ ఆదివారానికి అవి చేతిలో ముద్దలా మెత్తబడేవి. ఆరాధన అయ్యాక ఆవరణలో చాపలు పరిచి, అందరం కూర్చుని, పండుని అరచేతుల మధ్య పిసికి, ముచ్చిక కొరికి జుర్రుకునేవాళ్ళం. పేటలోవాళ్ళే కాకుండా ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చేవారు. బుట్ట నెత్తిన పెట్టుకుని మందిరం లోపలికి తెచ్చే పని నాది. మోచేతుల దాకా రసం కారుతుండగా ముసలివాళ్ళు ఆ పండ్లని మెచ్చుకుంటుంటే, వాటిని నేనే కాయించినంత గొప్పగా ఉండేది నాకు.

ఆ చెట్టు కింద రాలిన పండుని కూడా ముట్టుకోకూడదని ఇంట్లో కట్టడి. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్నప్పుడు ఒకసారి ఆగలేక ఒకటి తిన్నాను. తాతయ్య చూశాడు. కొట్టి ఉంటే మర్చిపోయేదాన్ని. ఆయన నా చేతిలో టెంక తీసుకుని, అక్కడే మోకరించి, చిన్నపిల్ల ప్రభువా, తెలియదు, నా ఇంట్లోవాళ్ళకి సరిగ్గా నేర్పనిది నేను, నన్ను క్షమించు అని ఏడ్చాడు. పెద్దమనిషి ఏడవడం చూడటం నాకు అదే మొదటిసారి. అంతటి మనిషి ఏడ్చాడంటే ఆ చెట్టు నిజంగానే దేవుడిదని నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది. ఇక ఆ చెట్టు కింద ఎంత ఆడుకున్నా పండు వంక చూసేదాన్ని కాదు.

ఆ తర్వాత జరిగినవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. అయినా నాకు కనబడలేదు. ఎవరికీ కనబడలేదనే అనుకుంటాను. ఎందుకంటే ఏదీ పెద్దది కాదు.

ఒక ఏడు కాపు పలచగా ఉంది. విస్సన్నపేట నుంచి వచ్చే కాయల వ్యాపారి లారీ తెచ్చి నిలబెట్టాడు, లోడు నిండలేదు. తాతయ్య దేవుడి చెట్టు వైపు చెయ్యి చూపించాడు. ఆ వ్యాపారి మంచివాడే పాపం, వెనకాడాడు. "అది దేవుడి చెట్టు కదండీ పెద్దయ్యా, మనకెందుకండీ" అన్నాడు. తాతయ్య నవ్వి, "వాటి డబ్బు మందిరానికే ఇస్తాలేవయ్యా. దేవుడికి పండైతే ఏంటి, డబ్బైతే ఏంటి" అన్నాడు. అన్నట్టే ఇచ్చాడు. ఆ డబ్బుతో మందిరానికి పెట్రోమాక్సు లైటు వచ్చింది. లైటు వెలుగులో పాటలు పాడుతూ అందరూ తాతయ్యని పొగిడారు. పిల్లల కోసమని రెండు కొమ్మలు వదిలారు కాబట్టి ఆ ఏడు మాకు పండ్లకీ లోటు రాలేదు. నాయనమ్మ మాత్రం ఆ వేళ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టింది.

మరుసటేడు ఈదురుగాలికి కాయ రాలిపోయింది. అంతటా నష్టమే. దేవుడి చెట్టు కాపులో సగం ఇచ్చి, మిగతా సగం వచ్చే ఏడు కలిపి ఇద్దామన్నాడు తాతయ్య. ఆయన కష్టం చూసి అయ్యగారే, "దేవుడు మనసు చూస్తాడండీ, బుట్ట చూడడు" అని సముదాయించారు. వచ్చే ఏడు వచ్చింది. అప్పుడు దేవుడి చెట్టు కాయలు బాగా ఊరి, మంచి రంగు తిరిగి, వ్యాపారికి కంటికి ఇంపుగా కనబడ్డాయి. తాతయ్య వాటిని లోడులో వేయించి, లోపలి వరసలోని చెట్ల కాయలు బుట్టలో పోశాడు. అవీ మా తోటవే, అవీ రసాలే. తేడా నాకూ నాయనమ్మకీ తప్ప ఎవరికీ తెలియలేదు. "చెట్టు పేరు కాయ మీద రాసి ఉంటుందా ఏంటి" అని నా బుగ్గ గిల్లాడు. నేనూ నవ్వాను.

మామిడి కాలంలో లారీ ఆదివారమే వచ్చేది, సోమవారం బజారుకి అందాలని. మొదట్లో తాతయ్య ఆదివారం కోత పెట్టనిచ్చేవాడు కాదు. తర్వాత ఒప్పుకుని, రెండో పాట అయ్యేసరికి మందిరానికి వచ్చేసేవాడు. తర్వాత వాక్యం మధ్యలో వచ్చేవాడు. ఇంకొన్నాళ్ళకి కానుక పట్టే వేళకి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తన కుర్చీలో కూర్చునేవాడు. ఇంట్లో సాయంత్రం ప్రార్థన కూడా అంతే. మోకాళ్ళ నొప్పులని ముందు మంచం మీద కూర్చుని చేశాడు. అలసటగా ఉందని చిన్న ప్రార్థనతో సరిపెట్టాడు. తోట కావలికి వెళ్ళాలని చివరికి మా ఇద్దరినీ చేసుకోమన్నాడు. "దేవుడికి మన కష్టం తెలుసులే" అనేవాడు. ఆ మాట నాకెంతో ధైర్యంగా ఉండేది. దేవుడూ తాతయ్యా బాగా తెలిసినవాళ్ళనీ, వాళ్ళ మధ్య ఇలాంటి సర్దుబాట్లు నడుస్తాయనీ అనుకునేదాన్ని.

ఇంత జరుగుతున్నా నా విషయంలో ఆయన పట్టు సడలలేదు. ఆదివారం బడికి నేను వాక్యం నోటికి నేర్చుకోకపోతే అన్నం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. చిన్న అబద్ధం ఆడినా, "నోరు ఒకసారి అలవాటు పడితే మళ్ళీ దారికి రాదమ్మలూ" అని గోడ దగ్గర నిలబెట్టేవాడు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. చెట్టు పేరు కాయ మీద రాసి ఉంటుందా అన్న నోరే ఆ మాట చెప్పింది.

నాకు పదేళ్ళ వయసులో తాతయ్య తోటని పూత మీదే వ్యాపారికి ఇచ్చేశాడు. అంటే కాయ కనబడకముందే ఆ ఏటి కాపంతా అతనిది. దేవుడి చెట్టుని మినహాయించమని చెప్పాడని అనుకున్నాం. నాయనమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. కోతల రోజు పొద్దున నేను తోటలోకి వెళ్ళేసరికి ఒక కూలీ కాయలు కోసే చిక్కం పట్టుకుని ఆ చెట్టు ఎక్కుతున్నాడు. పరిగెత్తుకెళ్ళి, అది దేవుడి చెట్టు దిగు దిగు అని కేకలు పెట్టాను. పాపం అతను గబగబా దిగిపోయాడు. "మాకేం చెప్పలేదమ్మా, తోట మొత్తం కొయ్యమన్నారు" అని, దూరంగా నీడలో నిలబడ్డ తాతయ్య వైపు చూశాడు. తాతయ్య గొడుగు ఊపి, "కొయ్యండి, కొయ్యండి" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. అతను ఒక్క క్షణం ఆగి, చెప్పులు చెట్టు మొదట్లో విడిచి, మళ్ళీ ఎక్కాడు.

నేను తాతయ్య దగ్గరికి వెళ్ళి, మరి మందిరానికి పండ్లెలా అని అడిగాను. నా తల మీద చెయ్యి వేసి, "పండుగ నాటికి మంచి పండ్లు తెప్పిస్తాగా. నీకెందుకమ్మలూ బెంగ, నేనున్నాగా" అన్నాడు. నేనున్నాగా అంటే చాలు నాకు. బెంగంతా పోయింది. మధ్యాహ్నానికి చెట్టు మీద ఒక్క కాయ లేదు. ఆకులు మాత్రం చక్కగా, పచ్చగా ఉన్నాయి.

పండుగ ముందురోజు సాయంత్రం గోనెసంచిలో పండ్లు వచ్చాయి. వ్యాపారి షెడ్డులో మిగిలినవట. అన్నీ ఒకే పసుపు రంగు, మచ్చ లేదు. ముదరకముందే కోసి, కార్బైడు పొట్లాలు మధ్యలో పెట్టి మాగేస్తే అలా ఉంటాయి. అప్పట్లో అది మా వైపు కొత్త. నాయనమ్మ ఒక పండు తీసి వాసన చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది. "ఎక్కడివండీ ఇవి?" అంది. తాతయ్య విసుక్కున్నాడు. "ఎక్కడివైతే ఏంటే, పండ్లేగా" అన్నాడు. నాయనమ్మ గడప అవతలికి వెళ్ళి నిలబడింది. నేను ఒక్కో పండూ తడిగుడ్డతో తుడిచి బుట్టలో పేర్చాను. చూడటానికి ఎంతో బాగున్నాయి.

ఆ ఆదివారం తాతయ్య ముందుగానే మందిరానికి వచ్చాడు. అయ్యగారు కూడా వచ్చారు. నేను బుట్ట మోసుకొచ్చి బల్ల ముందు పెట్టాను. తాతయ్య ప్రార్థన చేశాడు. ఎప్పట్లాగే మోగే గొంతుతో, మా చెట్టు మొదటి ఫలం నీకే ప్రభువా అన్నాడు. మా చెట్టు అన్నాడు. నేను ఒక కన్ను తెరిచి ఆయన్ని చూశాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. తెలియక అన్నాడేమో, అలవాటు కొద్దీ అన్నాడేమో అనుకుని నేనే ఆయన తరఫున సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఆవరణలో చాపల మీద కూర్చుని అందరం తలో పండూ చేతిలోకి తీసుకున్నాం. ముసలివాళ్ళు ముందు తినాలి. మా పేటలో అందరికన్నా పెద్దది, పళ్ళన్నీ ఊడిపోయిన అవ్వ ఒకావిడ ఉండేది. ఆవిడ అరచేతుల మధ్య పండు పెట్టి పిసకడం మొదలుపెట్టింది. ఆవిడతోపాటు అందరూ పిసుకుతున్నారు. మాటలు ఆగిపోయాయి. ఎవరి పండూ మెత్తబడటం లేదు. ఆవరణ నిండా జనం, ఒకరి మొహం ఒకరు చూడకుండా, తల దించుకుని పండ్లు పిసుకుతూ కూర్చున్నారు. సంఘ పెద్ద తెచ్చిన పండు. ఎవరు నోరు విప్పుతారు?

"నా చేతుల్లో బలం పోయిందేమో చూడండర్రా" అని అవ్వ పక్కనున్న కుర్రాడికి ఇచ్చింది. అతను గట్టిగా నొక్కితే తోలు చిట్లి, లోపల తెల్లటి కండ కనబడింది. రసం లేదు. అవ్వ దాన్ని నాలుకతో తాకి మొహం చిట్లించింది. "అయ్యో, దేవుడి చెట్టు కాయ ఇలా అయిపోయిందేంటి పెద్దయ్యా?" అంది. ఆవిడ అడిగిన తీరులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగా బాధపడి అడిగింది.

తాతయ్యకి ఆ క్షణంలో నిజం చెప్పే వీలుంది. చెట్టు కాయలు అమ్మేశానవ్వా, తప్పయింది అంటే మా జనం నాలుగు రోజులు గొణుక్కుని ఊరుకునేవాళ్ళు. కానీ ఆయన తువ్వాలు సర్దుకుని, "ఈ ఏడు ఆ చెట్టుకి తెగులొచ్చిందవ్వా. కాయ లోపల పట్టు లేదు. ముసలిదైపోయింది, ఏం చేస్తాం" అన్నాడు. నాకు చెట్టు మీద ఆకులు గుర్తొచ్చాయి. పచ్చటి ఆకులు. మొక్కుకున్న చెట్టుని పట్టుకుని, అది నోరు లేనిది కదా అని, తన తప్పు దాని నెత్తిన వేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. అయ్యగారు తన చేతిలో పండు వంక సందేహంగా చూడటం గమనించి తాతయ్య నన్ను దగ్గరికి లాక్కున్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు. "కావాలంటే మా అమ్మలుని అడగండి అయ్యగారండీ. రోజూ ఆ చెట్టు కిందే ఆడుకుంటుంది. ఏమ్మా, చెట్టుకి తెగులొచ్చిందా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు. రోజూ దీవించే చెయ్యే అది, తోటలో నేనున్నాగా అన్న చెయ్యే. అవునంటే నేను దేవుడి ఎదుట అబద్ధం ఆడినట్టు, అందుకు తాతయ్యే నన్ను గోడ దగ్గర నిలబెట్టేవాడు. కాదంటే ఇంతమందిలో తాతయ్య అబద్ధాలకోరు అయిపోతాడు. పదేళ్ళ పిల్లని తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాడు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఏమీ లేదులే అమ్మలూ, ఒక్క మాట అనెయ్యి అన్నట్టు చిన్నగా తల ఊపాడు. నా లోపల ఏదో తెగిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు ఆడవాళ్ళ చాప మీద నుంచి నాయనమ్మ లేచింది. మందిరంలో ఆవిడ గొంతు పాటల్లో తప్ప ఎప్పుడూ ఎవరూ వినలేదు. "ఆ పిల్లని అడక్కండి అయ్యగారండీ. నేను చెప్తాను" అంది. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఇవి దేవుడి చెట్టువి కాదు. ఆ చెట్టు కాయలు లారీ ఎక్కేశాయి. చెట్టుకి ఏ తెగులూ లేదండీ. ఈయన ఒక్కడి తప్పే అనుకోకండి. మొదటిసారి లోడులో వేసిన రోజే నాకు మనసు ఒప్పలేదు. ఈ ఒక్కసారికే కదా అని నోరు మూసుకున్నాను. అప్పట్నుంచి ప్రతి ఏడూ మూసుకుంటూనే ఉన్నాను."

నా తల మీద నుంచి చెయ్యి తొలగింది.

ఎవరూ అరవలేదు, నిందించలేదు. అయ్యగారు లేచి తాతయ్య దగ్గరికి వచ్చి, "కూర్చోండి పెద్దయ్యా, అందరం కలిసి ప్రార్థన చేద్దాం. మనలో ఎవరు చేయలేదండీ ఇలాంటివి?" అన్నారు. ఎంతో మర్యాదగా, దిగి వచ్చి అన్నారు. అవ్వ కూడా, "రా అయ్యా, కూర్చో" అని చాప మీద చోటు చూపించింది. తాతయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి నన్ను చూస్తాడేమోనని నేను చూస్తూనే ఉన్నాను. చూడలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు. "ఆయన్ని అసహ్యించుకోకే" అంది. "మొదటి ఏడు ఒక్క మాట అడిగుంటే ఇంట్లోనే అయిపోయేది. నేను అడగలేదు, ఇవాళ ఊరంతా చూసింది." నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదు? నా చేత ఎందుకు ఆ పండ్లు తుడిపించింది? చెయ్యి విదిలించుకుని ముందుకి నడిచాను. కాస్త దూరం పోయాక ఆగాను. ఆవిడ లేచి నిలబడకపోయి ఉంటే నేనేం అనేదాన్నో నాకు తెలుసు. నేను అవుననే అనేదాన్ని. మళ్ళీ వెనక్కి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

తాతయ్య మరుసటి ఆదివారం మందిరానికి రాలేదు, ఒంట్లో బాగోలేదన్నాడు. ఆ తర్వాతి ఆదివారం లారీ అన్నాడు. అయ్యగారు ఇంటికి వచ్చి పిలిచారు, వస్తానన్నాడు. మామిడి కాలం అయిపోయింది, లారీలు ఆగిపోయాయి, ఆయన మాత్రం వెళ్ళలేదు. ఎవరూ ఆయన్ని వెలివేయలేదు. ఆయన కుర్చీ ఆయన కోసం చాలాకాలం అలాగే ఉంచారు. ఆయన లేకుండానే పాటలు పాడుకోవడం మాకు అలవాటయింది. ఇంట్లో ప్రార్థన వేళకి ఆయన అరుగు మీద కూర్చుని వీధి చూసేవాడు. అమ్మలూ అని పిలిస్తే పలికేదాన్ని, అడిగింది తెచ్చిచ్చేదాన్ని. కథలు చెప్పమని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నేను టీచరు ట్రైనింగు అయి ఉద్యోగంలో చేరాక ఆయనకి జబ్బు చేసింది. చూడటానికి వెళ్ళాను. వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎండ మంచం దాకా వస్తే లోపలికి జరపనా అని అడిగాను. వద్దన్నాడు. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. "నేను దేవుడి దగ్గర్నుంచి ఏ రోజు బయటికి వచ్చేశానో తెలియట్లేదమ్మలూ. వెతుక్కుంటున్నాను. లారీ లోడు రోజా అనుకుంటే, ఆ వేళ కూడా మోకాళ్ళేసి ప్రార్థన చేశాను, బాగా గుర్తు. గాలికి కాయ రాలిన ఏడా అంటే, అప్పుడూ ఆయన్ని తలుచుకుని ఏడ్చాను. ఎక్కడా ఆ రోజు కనబడట్లేదే. చూసుకుంటే బయట ఉన్నాను" అన్నాడు.

నాకు జాలి వేయాలి. వేసింది కూడా. కానీ అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది ముందు బయటికి వచ్చింది. "అవన్నీ నాకు తెలియదు తాతయ్యా. ఆ రోజు నన్నెందుకు పిలిచావు? అంతమంది ఉన్నారు కదా, నన్నే ఎందుకు అడగమన్నావు?" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు నా మాట కాదనవని" అన్నాడు.

అంతే అన్నాడు. దాచుకోలేదు, ఏడవలేదు. నా నమ్మకమే ఆయనకి అక్కరకి వచ్చింది. దాన్నే వాడుకున్నాడు. ఆ వేళ నేను ఆయన కోసం ప్రార్థన చేశాను. ఆయన కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడో లేదో నాకు వినబడలేదు. క్షమించావా అని మా వాళ్ళు అడుగుతారు. క్షమించాననే అంటాను. కోపం మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, ముఖ్యంగా ఎవరైనా ఈ ఒక్కసారికే కదా అన్నప్పుడు. అందుకే సంఘంలో ఆడవాళ్ళు నన్ను చాదస్తపు టీచరమ్మ అంటారు. అననివ్వండి.

రిటైరయ్యాక నూజివీడులో మా మందిరంలో ఆదివారం బడి పిల్లలకి నేనే చెప్తున్నాను. నేను ఏది చెప్తే అది నిజమనుకునే పిల్లలు. మొన్నామధ్య ఒక ఆదివారం ఆలస్యంగా వెళ్ళాను. పిల్లలు అప్పటికే వచ్చి గోల చేస్తున్నారు. ముందు వరసలో ఒక చిన్నది ఉంది, నేనంటే ప్రాణం దానికి. "లేటెందుకయిందండీ టీచరుగారూ, బస్సు రాలేదా?" అంది. సాకు కూడా అదే అందించింది పాపం. అవునమ్మా అంటే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. నోటి దాకా వచ్చింది కూడా.

దాని మొహం చూశాను. అవునంటే నమ్మేస్తుంది. మారు మాట్లాడకుండా, కళ్ళు ఇంతింత చేసుకుని నమ్మేస్తుంది.

"బస్సు వచ్చిందమ్మా. నేనే టీవీ చూస్తూ కూర్చుండిపోయాను" అన్నాను. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ఆ చిన్నది కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దాని తల మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుని, పాఠం మొదలుపెట్టాను.